బహు కెమేరా చిత్రీకరణము – గుణదోష విచారణము

1934వ సంవత్సరము మార్చి 3వ తేదీన బెంగుళూరు సిటీ మార్కెట్టు చేరువనున్న పారమౌంట్ టాకీసులో "సతీ సులోచన" అను చిత్రము ప్రదర్శింపబడినది. కన్నడ భాషలో ప్రేక్షకుల ముందునకు వచ్చిన మొదటి టాకీ ఇదియే. దీనికి దర్శకత్వము వహించినవాడు తెలుగువాడు, నెల్లూరున జన్మించిన యరగుడిపాటి వరదరావు. చలనచిత్ర లోకము ఆయనను వై.వి. రావుగా నెరుగును. తరువాతి కాలమున తెలుగులో "మళ్ళీ పెళ్ళి" (1939), "విశ్వమోహిని" (1940) చిత్రములను, తమిళమున "చింతామణి" (1937) చిత్రమును తీసి కీర్తి గడించినవాడు ఆయనయే. "సతీ సులోచన"లో ఆయన లక్ష్మణ పాత్రను గూడ ధరించెను. బెంగుళూరులో సౌత్ ఇండియా మూవీటోన్ సంస్థను నెలకొల్పిన చమన్‌లాల్ డూంగాజీ నిర్మాత. చిత్రీకరణము మాత్రము కొల్హాపురములోని ఛత్రపతి స్టూడియోలో జరిగినది.

ఈ చిత్రములోని రామరావణ యుద్ధమును ఆరుబయట, సూర్యకాంతిలో తీసిరి. అందు సుమారు 2000 మంది పాల్గొనిరి. ఆ సన్నివేశములకు రెండు కెమేరాలను వినియోగించిరి. చిత్రమునకైన మొత్తము వ్యయము సుమారు 40,000 రూపాయలు. ఈ మూడు సంఖ్యలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో రెండవ కెమేరా ఆడంబరము కొరకు వచ్చినది కాదని తేటపడును. రెండువేల మందిని ఒకచోట జేర్చి, వేషములు వేయించి, అన్నము పెట్టి, ఎండ తగ్గకమునుపే యుద్ధము చేయించుట యొకమారు సాధ్యము. అదే యుద్ధమును రెండవ కోణము నుండి చిత్రించుటకై మరల చేయింపవలెనన్నచో ధనము చాలదు, జనము నిలువదు, సూర్యుడు ఆగడు.

ఒక దృశ్యమునకు ఎన్ని కెమేరాలు కావలయును అను ప్రశ్న చలనచిత్ర చరిత్రలో ఆది నుండియు కలదు. దీనికి సమాధానము యంత్రములో లేదు, చిత్రింపబడు విషయములో కలదు. మరల జరిపింపరానిదానికి పలు కన్నులు కావలయును. మరల జరిపింపదగినదానికి పెక్కుమారులు ఒక్క కన్నే మేలు. ఈ భేదమును గుర్తింపనిచోట గుణము దోషమగును. బెంగుళూరు నగరముతోను, తెలుగువారితోను సంబంధము గల కొన్ని నిదర్శనములతో ఈ విషయమును పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము.

పూర్వరంగము

రెండవ కెమేరా టాకీలతో పుట్టినది కాదు. మూకీల కాలమున అమెరికాలో ఒకే దృశ్యమును ప్రక్కప్రక్కనుంచిన రెండు కెమేరాలతో తీయు వాడుక యుండెను. అది కోణభేదము కొరకు గాదు. స్వదేశమున ప్రతులు తీయుటకు ఒక నెగెటివు, విదేశములకు పంపుటకు మరియొక నెగెటివు కావలసియుండెను. నెగెటివు నుండి మంచి నకలు తీయు విధానము అప్పటికి పరిపక్వము కాలేదు. అనగా ఆనాడు రెండవ కెమేరా రక్షణ సాధనము.

1927 తరువాత ధ్వని వచ్చినది. కెమేరా చేయు చప్పుడు మైకునకు వినబడుచుండుటచే దానిని, నడుపువానితో గూడ, గాజు కిటికీ గల పెట్టెవంటి గదిలో బంధించిరి. గ్రామఫోను పలకపై ముద్రించిన ధ్వనిని ముక్కలుగా కోసి అతికించుటకు వీలులేదు. కావున సన్నివేశమును ఆద్యంతము ఒక్కతూరి నటింపజేసి, దూరదృశ్యమునకు ఒకటి, సమీపదృశ్యములకు ఒకటి రెండు చొప్పున కెమేరాలనుంచి, తరువాత బొమ్మలను మాత్రము ధ్వనికి అనుగుణముగా కూర్చుకొనుచుండిరి. కెమేరాకు చప్పుడణచు తొడుగు వచ్చి, ధ్వనిని ఫిల్ముపై కోసి కూర్చు నేర్పు అలవడగనే, 1930 దశకారంభమున హాలీవుడ్ స్టూడియోలు మరల ఒక్క కెమేరాకు తిరిగిపోయినవి. అవసరము తీరగనే పలు కెమేరాలను విడిచిపెట్టుట గమనింపదగినది. అందు ఏదో కష్టమున్నట్లు వారు అనుభవమున తెలిసికొనిరి.

మన దేశమున తొలి టాకీయైన "ఆలం ఆరా" (1931)కు వాడిన యంత్రము బొమ్మను, ధ్వనిని ఒకే ఫిల్ముపై గ్రహించునట్టిది. అట్టి యంత్రమునకు తోడుగా వేరొక కెమేరాను పెట్టినచో అది మాటలేని బొమ్మను మాత్రమే ఇచ్చును. సంభాషణ ప్రధానమైన దృశ్యమున దానివలన చిక్కులే యెక్కువ. కోలాహలమే ప్రధానమైన యుద్ధ దృశ్యమున ఆ చిక్కు లేదు. తొలినాళ్ల దర్శకులకు యుద్ధము, ఊరేగింపు, అగ్నిప్రమాదము వంటి ఘట్టములే రెండవ కెమేరాకు తగిన తావులగుట ఇందువలననే.

గుణములు

మొదటి గుణము, పునరావృత్తి లేనిదానిని పట్టియుంచుట. జపాను దర్శకుడు అకిరా కురొసావా "సెవెన్ సమురాయ్" (1954)లోని కడపటి పోరును కుంభవర్షములో, బురదలో, గుఱ్ఱముల నడుమ చిత్రించెను. ఏ గుఱ్ఱము ఎటు పోవునో ముందుగా జెప్పుట ఎవరి వశమును గాదు. కావున మూడు కెమేరాలను ఒకేసారి నడిపెను. ఆ తరువాత ఆయన దీనిని సాధారణ దృశ్యములకు గూడ అలవాటు చేసికొనెను. నటునకు ఏ కెమేరా తనను చూచుచున్నదో తెలియనపుడు అతని ముఖమున సహజత్వము వచ్చునని ఆయన కనుగొనెను.

రెండవ గుణము, చర్యకు ప్రతిచర్యకు కాలభేదము లేకుండుట. ఒకే కెమేరాతో తీసినచో తండ్రి మాట ఉదయమున, దానిని విన్న కుమారుని కన్నీరు సాయంకాలమున చిత్రింపబడవచ్చును. ఆ నడుమ చేయి కదలిక మారును, కురులు చెదరును, గొంతు అలయును. రెండు కెమేరాలున్నచోట మాటయు, కన్నీరును ఒకే క్షణమునకు చెందినవై యుండును. కూర్పరికి ఆ రెంటిని అతుకుట సులభము. హాస్యనటులకు, అప్పటికప్పుడు మాట కల్పించువారికి, బాలనటులకు ఇది మిక్కిలి మేలు చేయును.

మూడవది కాలము కలిసివచ్చుట. దీపములను మార్చి, కెమేరాను జరిపి, నటులను మరల నిలుపు పని తగ్గును. నాలుగవది భద్రత. ఒక కెమేరాలో ఫిల్ము గీయబడినను, దృష్టి తప్పినను, రెండవది ఆదుకొనును.

దోషములు

ఇంద్రునకు వేయి కన్నులుండుట ఆభరణమని కవులు చెప్పుదురు. అవి గౌతముని శాపము వలన వచ్చినవని పురాణములు చెప్పును. బహు కెమేరా పద్ధతియు అట్టిదే.

అన్నిటికంటె పెద్ద చిక్కు దీపములది. ఛాయాగ్రాహకుడు వెలుతురును ఒక కోణమునకు అమర్చును. ముఖముపై ఒక వైపు కాంతి, రెండవ వైపు నీడ, శిరస్సు వెనుక సన్నని వెలుగురేఖ – ఇవి ఆ ఒక్క చోటి నుండి చూచినపుడే పొందికగా నుండును. వేరొక దిక్కు నుండి చూచు కెమేరాకు అదే నీడ వికారముగా దోచవచ్చును. దీపపు స్తంభమో, మైకు నీడయో, ఎదుటి కెమేరాయో చట్రములో పడవచ్చును. అందరికి సరిపడునట్లు వెలుతురు పెట్టవలెనన్నచో పైనుండి సమముగా పరచవలయును. 1951లో అమెరికాలో "ఐ లవ్ లూసీ" అను హాస్యధారావాహికను ప్రేక్షకుల సమక్షమున మూడు 35 మి.మీ. కెమేరాలతో చిత్రించినపుడు ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయండ్ చేసినది ఇదియే. జర్మనీలో వెలుగునీడల విద్యకు పేరుగాంచిన ఆయన ఇక్కడ నీడలను వదలుకొనవలసి వచ్చినది. నటికి స్వేచ్ఛ లభించినది; దీపశిల్పము తగ్గినది.

రెండవ దోషము వ్యయము. 35 మి.మీ. ఫిల్ము నిమిషమునకు 90 అడుగులు పరుగెత్తును. 1000 అడుగుల చుట్ట సుమారు 11 నిమిషములలో తీరిపోవును. మూడు కెమేరాలున్నచో అదే 11 నిమిషములకు మూడు చుట్టలు కావలయును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ముడి ఫిల్ము కొరతచే మన దేశమున కథాచిత్రముల నిడివిని 11,000 అడుగులకు పరిమితము చేసిరి. అట్టి దినములను చూచిన నిర్మాతలకు ప్రతి అడుగును లెక్క. తెలుగు దర్శకులలో కె.వి. రెడ్డి ఈ లెక్కకు ప్రసిద్ధుడు. చిత్రమును ప్రారంభింపకమునుపే ఏ దృశ్యము ఎంత నిడివి యుండవలెనో కాలమానమున నిర్ణయించుకొని, ఆ నిర్ణయమునకు కట్టుబడి చిత్రించుట ఆయన పద్ధతి.

మూడవ దోషము కంటికి కనబడనిది. పలు కెమేరాలున్నచోట దర్శకుడు నిర్ణయమును వాయిదా వేయ మొదలుపెట్టును. ఈ మాటను ఎవరి ముఖముపై వినవలెనను ప్రశ్న చిత్రీకరణ నాడు తేలక, కూర్పు బల్లపైకి పోవును. అక్కడ కూర్పరికి దొరకునది అన్ని వైపుల నుండి కొంచెము కొంచెముగా చూచిన దృశ్యమే కాని, ఒకవైపు నుండి నిండుగా చూచిన దృశ్యము కాదు.

ఏకనేత్రపు సాధన

ఒక్క కెమేరా ఏమి చేయగలదో తెలిసికొనుటకు తెలుగువారు దూరము పోనక్కరలేదు. 1957 మార్చి 27న విడుదలయైన "మాయాబజార్" చాలును. దర్శకుడు కె.వి. రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే. మాయాదృశ్యముల రహస్యమెల్ల కెమేరా నిశ్చలత్వములో కలదు. కెమేరాను ఆపి, వస్తువును మార్చి, మరల నడుపుట. ఫిల్ములో ఒక భాగమును మూసి చిత్రించి, వెనుకకు త్రిప్పి, రెండవ భాగమును చిత్రించుట – ఈ కౌశలములకు కెమేరా వెంట్రుకవాసి గూడ కదలరాదు. రెండవ కెమేరా ప్రక్క నుండి చూచినచో మాయ మాయగా నిలువదు, అతుకు కనబడిపోవును. ఇంద్రజాలికుని ఎదుట కూర్చుండి చూచుటకును, వెనుక నిలువబడి చూచుటకును ఎంత భేదమో ఇక్కడను అంతే.

బెంగుళూరు వైపు చూచినచో మరియొక నిదర్శనము లభించును. నెల్లూరు సీమలో పుట్టి, "ఫిడేలు రాగాల డజన్" (1939) కావ్యముతో తెలుగు కవిత్వమున కొత్త గాలిని తెచ్చిన పఠాభి, అనగా పట్టాభిరామరెడ్డి, బెంగుళూరును నివాసము చేసికొని, 1970లో "సంస్కార" అను కన్నడ చిత్రమును నిర్మించి, దర్శకత్వము వహించెను. యు.ఆర్. అనంతమూర్తి నవల దీనికి మూలము. గిరీష్ కర్నాడ్ ప్రాణేశాచార్యుడుగా, పఠాభి సతీమణి స్నేహలతారెడ్డి చంద్రిగా నటించిరి. ఆస్ట్రేలియా దేశీయుడగు టామ్ కోవన్ ఛాయాగ్రాహకుడు. శృంగేరి సమీపమునగల వైకుంఠపురమను గ్రామములో చిత్రీకరణ జరిగినది. మొదట సెన్సారు వారు నిషేధించినను, తరువాత విడుదలయై ఆ సంవత్సరపు ఉత్తమ చిత్రముగా జాతీయ పురస్కారము నందినది. ఈ చిత్రమున యుద్ధము లేదు, జనసమ్మర్దము లేదు. ఒక పండితుని అంతరంగములోని సంక్షోభమే కథ. ఇట్టి కథకు ఎన్ని కోణములు చూపినను ప్రయోజనము లేదు. ఆ మనుష్యుని వెంట విడువక నడచు ఒక్క చూపు కావలయును. కన్నడమున నవ్యచిత్రముల ఒరవడికి ఆరంభముగా నెంచబడు ఈ చిత్రము ఒక తెలుగు కవి చేతి మీదుగా వచ్చుట ఉభయ భాషలవారికిని గర్వకారణము.

బెంగుళూరునకు సుమారు 50 కిలోమీటర్ల దూరమునగల రామనగరము కొండలలో 1973 అక్టోబరున ఆరంభమైన "షోలే" చిత్రము మరియొక పాఠము చెప్పును. రమేష్ సిప్పీ దర్శకుడు, ద్వారకా దివేచా ఛాయాగ్రాహకుడు. సంధ్యవేళ ఇంటి వసారాలో దీపములు, దూరముగా వినవచ్చు మౌతార్గాను – ఈ చిన్న దృశ్యమునకు 20 దినములు పట్టినట్లు చెప్పుదురు. సూర్యాస్తమయము తరువాతి ఆ కొద్ది నిమిషముల కాంతియే వారికి కావలసియుండెను. ఇచట కెమేరాలు పెంచినచో దినములు తగ్గెడివని తోచవచ్చును. కాని సంధ్యాకాంతి ఒక దిక్కుననే యుండును. ఎదుటి దిక్కున నిలిపిన కెమేరాకు కనబడునది ఆ సంధ్య కాదు. కాలము చాలనపుడు కెమేరాలు పెంచవచ్చును. కాంతి చాలనపుడు వేచియుండుటయే మార్గము.

టెలివిజను, క్రీడాస్థలము

పలు కెమేరాలకు నిజమైన నివాసము టెలివిజను. 1975–76లో ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2400 గ్రామములకు కార్యక్రమములు ప్రసారమైనపుడు ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రెండును అందుండెను. తెలుగు, కన్నడ కార్యక్రమములు హైదరాబాదు కేంద్రమున తయారైనవి. హైదరాబాదు దూరదర్శన్ 1977లోను, బెంగుళూరు దూరదర్శన్ 1980 దశకారంభములోను వచ్చినవి. టెలివిజను స్టూడియోలో రెండు మూడు కెమేరాల బొమ్మలు ఒకేసారి కంట్రోలు గదికి చేరును. అక్కడి దర్శకుడు అవధానివంటివాడు. పలు తెరలను ఏకకాలమున చూచుచు, మాటను వినుచు, తరువాతి మాటను ఊహించుచు, ఏ క్షణమున ఏ బొమ్మ బయటికి పోవలెనో ఆ క్షణముననే చెప్పవలయును. ధారణ తప్పిన అవధానికి వలెనే, రెప్పపాటు ఆలస్యమైన దర్శకునకును మరల అవకాశము లేదు.

ఈ పద్ధతి బలము క్రీడాస్థలమున పూర్తిగా ప్రకటమగును. 1992 నవంబరులో డర్బన్ టెస్టులో సచిన్ టెండూల్కర్ టెలివిజను బొమ్మ ఆధారమున రనౌటుగా ప్రకటింపబడిన మొదటి ఆటగాడయ్యెను. గీతకు సరిగా ఎదురుగా నున్న కెమేరా లేనిచో అట్టి తీర్పు సాధ్యపడదు. 1996 మార్చి 9న బెంగుళూరు చిన్నస్వామి క్రీడాస్థలమున భారత పాకిస్తాను జట్ల మధ్య జరిగిన ప్రపంచకప్పు క్వార్టర్ ఫైనలును దేశమెల్ల చూచినది. బంతి, బ్యాటు, ఆటగాని ముఖము, ప్రేక్షకుల సంరంభము – వీనిలో ఏదియు మరల జరుగదు. ఇచట ఒక్క కెమేరా చాలునని ఎవరును అనజాలరు.

నిలిచినది, నిలువనిది

ఇంతవరకు చెప్పినది చిత్రించుటను గూర్చి. చిత్రించినది నిలుచుట వేరు. "సతీ సులోచన" యుద్ధమును రెండు కెమేరాలు చూచినవి. నేడు ఆ చిత్రపు ప్రతి ఒక్కటియు దొరకుట లేదు. ఆ రెండువేల మంది యుద్ధమును ఈనాటివారు చూడజాలరు. "ఐ లవ్ లూసీ" మాత్రము మూడు కెమేరాల ఫిల్మును భద్రపరచుటచేత డెబ్బది యేండ్ల తరువాతను స్వచ్ఛముగా కనబడుచున్నది. బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ వంటి గొప్ప సంస్థయే 1960, 70 దశకములలో టేపులను మరల వాడుకొనుటకై అనేక కార్యక్రమములను చెరిపివేసినది. కెమేరాల సంఖ్య రక్షణకు హామీ కాదు. ప్రత్యక్షముగా కూర్చి ప్రసారము చేయుచోట మరియొక నష్టము కలదు: దర్శకుడు ఎన్నుకొనని బొమ్మలు ఆ క్షణముననే గాలిలో కలిసిపోవును. అన్ని కెమేరాల బొమ్మలను విడివిడిగా ముద్రించి యుంచుకొన్నప్పుడే ఆ నష్టము తప్పును.

డిజిటల్ కెమేరా వచ్చిన పిదప ఫిల్ము వ్యయము తొలగినది. కాని వ్యయము నశింపలేదు, చోటు మారినది. మూడు కెమేరాలతో ఒక గంట చిత్రించినచో మూడు గంటల బొమ్మను చూచి, ధ్వనితో సరిపోల్చి, రంగులు సమము చేసి, భద్రపరుపవలయును. పూర్వము చుట్ట తీరిపోవునను భయము దర్శకుని అదుపులో నుంచెడిది. ఇప్పుడు ఆ అదుపు బుద్ధి నుండి రావలయును.

తెలుగు సంఘములకు ఇందు ప్రత్యక్షమైన పని కలదు. బెంగుళూరు వయ్యాలికావలులోని తెలుగు విజ్ఞాన సమితి వంటి సంస్థల వేదికలపై పద్యనాటకములు, కూచిపూడి నృత్యములు, హరికథలు, అవధానములు జరుగుటయు, వానిని కెమేరాలతో గ్రహించుటయు నేటి వాడుక. ఇవి చలనచిత్రములవలె మరల నటింపజేసి తీయదగినవి కావు. పద్యనాటకమున ప్రేక్షకులు "వన్స్ మోర్" అన్నచో పద్యము మరల వచ్చును గాని అదే ఆలాపన రాదు. కూచిపూడి తరంగమున నర్తకి పాదములు ఇత్తడి పళ్లెరపు అంచుపై నుండగా కన్నులు యశోదా వాత్సల్యమును అభినయించుచుండును. ముఖమునే చూపు కెమేరా పాదములను పోగొట్టును. దూరమునుండి చూచు కెమేరా కన్నులను పోగొట్టును. ఇచట పలు కన్నులు కావలయును.

అయినను వేదికను మొత్తముగా, ఆద్యంతము, కదలక చూచు ఒక్క కెమేరా తప్పనిసరి. తక్కినవి దానికి తోడు మాత్రమే. తరువాతి తరమువారు నటుని పాదవిన్యాసమును, వంతపాటగాని స్థానమును, తెర లేచిన వేళను తెలిసికొనగోరినచో, అందముగా కూర్చిన ముక్కలకంటె ఆ అవిచ్ఛిన్నమైన బొమ్మయే వారికి ప్రమాణమగును. రెండవ కెమేరా ముఖమునకు, నృత్యమైనచో మూడవది పాదములకు. ధ్వని మాత్రము ఒకేచోట శుద్ధముగా గ్రహింపబడవలయును. వేదికపై దీపములు ఏ ఒక్క కెమేరా కొరకును గాక ఎదుట కూర్చున్న ప్రేక్షకుని కొరకు అమర్పబడవలయును. కూర్పు ముగిసిన పిమ్మట మూలములను చెరుపక, కనీసము రెండు వేర్వేరు తావులలో నుంచవలయును.

వృద్ధులగు పద్యనటులు, హరిదాసులు ఎందరో మన నడుమ ఇంకను ఉన్నారు. వారి విద్య రేపటికి నిలుచుటకు కెమేరాలు ఎన్ని తెచ్చితిమనుట మొదటి ప్రశ్న కాదు. దేనిని మరల చూడలేమో దానిని ముందుగా గుర్తించితిమా, గ్రహించినదానిని భద్రపరచితిమా అనునవియే ప్రశ్నలు.